వానతో పడ్డాయా, నేలలోంచి లేచాయా?

రోహిణి కార్తె రోళ్లు పగలగొట్టి వెళ్లింది. వెనకే మృగశిర వచ్చింది. తెలంగాణ పల్లెల్లో దాన్ని మిరుగు అంటారు, ఆ రోజు చేపల దుకాణాల ముందు నిలబడటానికి చోటుండదు. ఇక ఆరుద్ర. ఈ కార్తెల నడుమ ఏదో ఒక సాయంత్రం తొలకరి పడుతుంది. మర్నాడు పొద్దున్నే బయటికొచ్చి చూడండి. నిన్నటిదాకా నెర్రెలిచ్చిన నేల మీద ఎర్రెర్రని ఆరుద్ర పురుగులు పాకుతుంటాయి. వరండా లైటు కింద ఉసిళ్ల రెక్కలు చీపురుతో ఊడ్చి చేటకెత్తేంత పడి ఉంటాయి. ఊరి చివరి గుంటలో కప్పలు చెవులు చిల్లులు పడేలా అరుస్తుంటాయి. ఇంకొన్నాళ్లు ఆగితే పుట్టగొడుగులు.

ఇవన్నీ రాత్రికి రాత్రి ఎక్కడి నుంచి వచ్చాయి? పిల్లల్నడగండి, వానతో పాటు పడ్డాయంటారు. వాళ్లను చూసి నవ్వకండి. అరిస్టాటిల్ అంతటివాడు ఈల్ చేపలు తల్లీతండ్రీ లేకుండా బురదలోంచే పుట్టుకొస్తాయని రాశాడు. పైనుంచి పడింది నీళ్లొక్కటే. మిగతావన్నీ ఎండాకాలమంతా మన కాళ్ల కిందే ఉన్నాయి, కబురు కోసం కాచుకుని. ఈ పూట వాటి సంగతులు చెప్పుకుందాం.

ముందు ఆ పైనుంచి పడేదాని మాట. చినుకు బొమ్మ గీయమంటే ఎవరైనా పైన మొన, కింద బొజ్జ ఉన్న కన్నీటిబొట్టును గీస్తారు. వాతావరణ వార్తల్లో కనిపించేదీ అదే. నిజం చినుకు అలా ఉండదు. 2 మిల్లీమీటర్ల లోపు చినుకు చక్కగా గుండ్రంగా ఉంటుంది. అంతకన్నా పెద్దదైతే కింది నుంచి గాలి ఒత్తిడికి దాని అడుగు చదునైపోతుంది, పైభాగం మాత్రం గుండ్రంగానే మిగులుతుంది. ఇంకా పెరిగి 5, 6 మిల్లీమీటర్లు దాటిందంటే చీలి ముక్కలైపోతుంది. పెద్ద చినుకు నేలను తాకేటప్పుడు దాని వేగం సెకనుకు సుమారు 9 మీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల పైమాటే.

చినుకుల సైజు కొలవడానికి అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన విల్సన్ బెంట్లీ అనే రైతు వంటింటి ఉపాయం ఒకటి పట్టాడు. మంచు పలుకుల్ని ఒక్కొక్కటిగా ఫొటోలు తీసి పేరు తెచ్చుకున్న మనిషి ఆయన. పళ్లెంలో అంగుళం మందాన మెత్తటి పిండి పరిచి, వానలో కొన్ని సెకన్లు పట్టి లోపలికి తెచ్చేసేవాడు. పిండిలో పడిన ఒక్కో చినుకూ ఒక్కో ఉండ కట్టేది. ఉండలు ఆరాక వాటిని తీసి కొలిచేవాడు. ఆ ఫలితాలు 1904లో అచ్చయ్యాయి. మీరూ చేసి చూడొచ్చు, గోధుమపిండీ జల్లెడా ఉంటే చాలు. పిండి పాడు చేశారని ఇంట్లో పడే చీవాట్లతో మాత్రం నాకు సంబంధం లేదు.

చినుకు నేలను తాకగానే మనకు ముందుగా తెలిసేది వాసన. చాలామంది అది వాన వాసన అనుకుంటారు, కానీ వానకు వాసన లేదు. ఆస్ట్రేలియాలో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు దాని ఆరా తీసి 1964లో నేచర్ పత్రికలో ప్రకటించారు. ఎండాకాలంలో మొక్కల నుంచి వెలువడే నూనెలు రాళ్లలోకీ మట్టిలోకీ ఇంకి నిలవుంటాయి, తడి తగలగానే అవి గాలిలోకి లేస్తాయి. వాళ్లిద్దరూ ఆ వ్యాసంలోనే ఒక మాట ఒప్పుకున్నారు: ఈ వాసనను పట్టి సీసాలకెత్తడం భారతదేశపు అత్తరు వాళ్లకు ముందే తెలుసని. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఇప్పటికీ ఆ పని జరుగుతోంది. కాల్చిన మట్టి బిళ్లల్ని రాగి డేగిసాలో నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి దించుతారు. దాని పేరే మిట్టీ అత్తర్.

ఆ వాసనలో రెండో భాగస్వామి జియోస్మిన్. దీన్ని తయారుచేసేవి మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు. మన ముక్కు దీన్ని పసిగట్టే తీరు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. లక్ష కోట్ల పాళ్లలో ఏ అయిదు పాళ్లున్నా చాలు, తెలిసిపోతుంది. మరి వాసన నేలలోంచి ముక్కుదాకా ఎలా వస్తుంది? 2015లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో హైస్పీడ్ కెమెరాలు పెట్టి చూశారు. చినుకు పొడినేల మీద పడి పరుచుకోగానే మట్టి గుల్లల్లోని గాలి దాని కింద చిక్కుకుని బుడగలవుతుంది. గోలీసోడా కొట్టగానే బుడగలు పైకి తన్నుకొచ్చి ముక్కుకు తుంపర తగులుతుంది చూడండి, అచ్చం అలాగే ఆ బుడగలు పైకొచ్చి పగిలి, కంటికి కనిపించని తుంపర్లు చిమ్ముతాయి. వాసనను మోసుకొచ్చేవి అవే. జడివానలో కన్నా చిరుజల్లులో ఈ తుంపర ఎక్కువ. తొలి చినుకులప్పుడు కమ్మగా వచ్చిన వాసన కుండపోత మొదలయ్యాక పలచబడిపోవడానికి ఇదీ ఒక కారణం.

ఆ సూక్ష్మజీవులు ఇంత వాసన ఎందుకు పెడుతున్నట్టు? మన కోసం కాదు లెండి. 2020లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, మట్టిలో గెంతులేసే ఆరుకాళ్ల బుల్లిప్రాణులు కొన్ని ఈ వాసన పట్టుకుని వచ్చి ఆ సూక్ష్మజీవుల్ని తింటాయి. తింటూ వాటి బీజాల్ని ఒంటికి అంటించుకుని నలుమూలలా చల్లిపోతాయి. అంటే ఆ వాసన భోజనానికి పిలుపు.

ఈ స్ట్రెప్టోమైసిస్ మనకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. క్షయకు తొలి మందు స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో ఈ జాతి నుంచే తీశారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలకు అధిపతిగా ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ కూడా ఈ కుటుంబానిదే. మిస్సోరిలోని ఒక పొలం మట్టిలో దొరికింది ఆ సూక్ష్మజీవి. 1948లో ఆ మందు లోకానికి తెలిసింది, అదే ఏడాది సుబ్బారావు గారు కన్నుమూశారు.

వాసన సంగతి ముగించే ముందు వంటింటి మాట ఒకటి. చెరువు చేపల్లో ఒక్కోసారి మట్టి వాసన వస్తుంది కదా. బురద తిన్నందువల్ల అనుకుంటాం. దానికీ ముఖ్య కారణం జియోస్మినే, నీళ్లలోంచి చేప ఒంట్లోకి చేరుతుంది. అయితే జియోస్మిన్‌కు పులుపు పడదు. ఆమ్లం తగిలితే అది మారిపోయి వాసన కోల్పోతుంది. చేపలకు చింతపండు పులుసు పెట్టడం మొదలెట్టిన మన ముత్తవ్వలకు ఈ రసాయనం తెలియకపోవచ్చు, ఫలితం మాత్రం నాలుకకు తెలుసు.

ఇక ఆరుద్ర పురుగు. పాత కావ్యాల్లో ఇంద్రగోపమంటే ఇదే. ఉర్దూలో బీర్ బహూటీ. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చూడండి. ముట్టుకోగానే కాళ్లన్నీ లోపలికి ముడుచుకుని కదలకుండా ఉండిపోతుంది. కాసేపు ఓపిక పడితే ఒక్కో కాలూ బయటపెడుతుంది. అప్పుడు లెక్కపెట్టండి, ఎనిమిది. కీటకాలకు ఆరే కాళ్లు. కాబట్టి పురుగు అన్నామే కానీ ఇది సాలీడుకూ తేలుకూ చుట్టం. ఒళ్లంతా ఎర్రటి నూగు. ఆ ఎరుపు అందం కోసం కాదు, తినబోయేవాళ్లకు హెచ్చరిక: నా రుచి బాగోదు సుమా అని.

దీని బతుకులో చాలా భాగం మట్టిలోనే గడిచిపోతుంది. గుడ్డు నుంచి బయటపడ్డ పిల్లకు ఆరుకాళ్లే ఉంటాయి. అది ఏ మిడతనో పట్టుకుని వేలాడుతూ దాని రసం పీల్చి పెరుగుతుంది. తర్వాత నేలలోకి దిగి ఎనిమిది కాళ్లు తెచ్చుకుని వేటగాడవుతుంది. పైకి వచ్చేది వాన పడ్డాక కొద్ది గంటలే. ఎందుకు వస్తుంది? 1960ల్లో కాలిఫోర్నియా ఎడారిలో దీని దాయాదుల్ని ఓపిగ్గా గమనించినవాళ్లకు ఒక సంగతి బోధపడింది. వాన తర్వాత రెక్కల చెదపురుగులు ఎగిరే రోజునే ఇవీ బయటికొస్తాయి, నేలరాలిన చెదల్ని కడుపునిండా తింటాయి. విందు అయ్యాక పెళ్లి. ఈ కుటుంబంలో కొన్ని మగపురుగుల తీరు తమాషాగా ఉంటుంది. పుల్లల మీదా గడ్డిపరకల మీదా వీర్యాన్ని చిన్న చుక్కలుగా ఉంచి, అక్కడికి దారి చూపే పట్టుదారం పరుస్తాయి. ఆడపురుగు ఆ దారం వెంట వచ్చి చూస్తుంది. నచ్చితే సరి, లేదంటే తన దారిన పోతుంది. మధ్యలో మరో మగపురుగు వచ్చిందో, అక్కడున్నదాన్ని తొక్కి పాడుచేసి తన చుక్కలు పెట్టిపోతుంది. కొన్ని రాష్ట్రాల్లో ఈ పురుగుల్ని ఏరి నూనె తీసి నాటువైద్యంలో వాడతారు. పొలంలో చెదల్నీ పురుగుల గుడ్లనూ తినిపెట్టే ప్రాణిని ఏరుకుపోయి అమ్ముకోవడం నాకైతే తెలివైన పనిగా తోచదు.

ఆరుద్ర పేరెత్తాం కాబట్టి ఒక పిట్టకథ. ఆరుద్ర నక్షత్రం అంటే వేటగాడి ఆకారంలో ఉండే చుక్కల గుంపులో, ఆ వేటగాడి భుజం మీద ఎర్రగా వెలిగే తార, పాశ్చాత్యులు బెటల్‌గ్యూస్ అంటారు. తీరా ఆరుద్ర కార్తెలో ఆకాశమంతా వెతికినా అది కనిపించదు. ఆ దిక్కున సూర్యుడు ఉండబట్టే కదా ఆ కార్తెకు ఆ పేరు! దాన్ని చూడాలంటే చలికాలం రాత్రులే.

ఉసిళ్ల దగ్గరికి వద్దాం. ఇవి ప్రత్యేకమైన పురుగులేమీ కావు, మన తలుపు చౌకట్లు తినే చెదపురుగులే. పుట్టలో ఏడాదికొకసారి రెక్కలున్న కుర్రకారు తయారవుతుంది. తొలకరి దాకా అవి లోపలే ఆగుతాయి. నేల మెత్తబడి గాలిలో తేమ నిండగానే కూలి చెదలు పుట్టకు కన్నాలు చేసి గుంపును వదులుతాయి. చుట్టుపక్కల పుట్టలన్నీ ఒకే సాయంత్రం వదలడంలో లెక్కుంది. వేరే పుట్టలో పుట్టిన జోడు దొరకాలి. పైగా కాకులూ బల్లులూ కప్పలూ ఎంత తిన్నా మిగిలేటంత ఉండాలి. మనుషులూ తక్కువ తినరు. ఉసిళ్లను పట్టి వేయించుకు తినే ఊళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

రెక్కలు ఊడిపడటం చూసి పాపం అనుకోవద్దు. రెక్క మొదట్లో పుట్టుకతోనే ఒక గీత ఉంటుంది, అక్కడికి తుంచుకునేందుకే. ఎగిరేది కాసేపు, ఆ తర్వాత రెక్కలు అడ్డం. నేల మీద వాలాక ఆడది ముందు, మగది దాని తోకను తాకుతూ వెనక, రెండూ వరసలో నడిచిపోవడం లైటు కిందే చూడొచ్చు. మెత్తటి చోటు చూసుకుని చిన్న గది తవ్వుకుని మూసేసుకుంటాయి. ఇక అవే రాజూరాణీ. వేలల్లో ఏ ఒకటి రెండు జంటలో బతికి బట్టకడతాయి. బతికిన రాణి ఏళ్ల తరబడి ఉంటుంది, పొట్ట ఉబ్బి కదల్లేని స్థితిలో రోజుకు వేల గుడ్లు పెడుతుంది. చెదల్ని తెల్లచీమలంటాం కానీ చీమలకూ వీటికీ సంబంధం లేదు. ఇవి బొద్దింకల వంశం. పుట్టలు పెట్టేదీ చీమలు కాదు. నాగులచవితికి మనం పాలు పోసే పుట్ట చెదలు కట్టిన ఇల్లే, పాము అద్దెకు దిగింది.

ఆ ఇంట్లో వ్యవసాయం కూడా ఉంది. చెదలు నమిలిన కట్టెనూ ఆకునూ విసర్జించి, దాన్నే తేనెపట్టులా గదులుగా కట్టి, మీద ఒక బూజును పెంచుతాయి. తమకు అరగని పీచును ఆ బూజు అరగదీసి పెడుతుంది. తర్వాత చెదలు ఆ బూజునూ పట్టునూ తింటాయి. ఈ సేద్యం వయసు సుమారు 3 కోట్ల ఏళ్లు. మనిషి నాగలి పట్టి పన్నెండు వేల ఏళ్లు కూడా కాలేదు. వానలు పడ్డాక ఆ బూజే పుట్ట మీద గొడుగులు ఎత్తుతుంది. పుట్టగొడుగుల్లో ఏరి తినే మేలురకం ఇదే. గొడుగును జాగ్రత్తగా పెకిలిస్తే అడుగున వేరులా పొడవాటి కాడ కిందికి పోతుంది, దాని కొస చెదల తోటలో ఉంటుంది. అయితే విషపు రకాలూ ఇదే కాలంలో లేస్తాయి. గుర్తుపట్టే పెద్దవాళ్లు పక్కన లేకుండా కూరొండకండి.

ఉసిళ్లు, దీపపు పురుగులు లైటు చుట్టూ ఎందుకు తిరుగుతాయి? వెలుగంటే మోజని అందరం అనుకున్నాం, కవులైతే దీపాన్ని ప్రేమించి కాలిపోయే శలభాల మీద బోలెడంత రాసుకున్నారు. 2024లో వచ్చిన ఒక పరిశోధన ఆ మోజు కథను కొట్టిపారేసింది. లండన్‌లోనూ కోస్టారికా అడవుల్లోనూ కెమెరాలతో చూస్తే, తూనీగలు, శలభాలు లైటు దగ్గర ఎప్పుడూ దానికి వీపు చూపించేలా ఒరుగుతున్నాయి. కోట్ల ఏళ్లుగా రాత్రిపూట వెలుతురున్న వైపు ఆకాశం. వీపు వెలుతురు వైపు పెట్టుకుంటే నిటారుగా ఎగురుతున్నట్టే. మనం గోడకు బల్బు పెట్టేసరికి ఆ లెక్క తప్పింది. వీపు బల్బు వైపు తిప్పడం, దారి వంగిపోవడం, మళ్లీ తిప్పడం. పాపం, ప్రేమా లేదు దోమా లేదు, దారి తెలియక తిరుగుతున్నాయి. వరండా లైటు ఆర్పితే వాటి దారిన అవి పోతాయి.

కప్పల గురించి రెండు ముక్కలు. వానలు రాకపోతే రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పి నీళ్లు పోయించే కప్పతల్లి ఆట మీకు తెలిసిందే. ఆ కప్పకు నీళ్లు పోయడంలో ఒక మేలుంది. కప్ప నోటితో తాగదు, చర్మంతోనే తాగుతుంది. గోదురుకప్ప మగవి తొలి వానలకు నిమ్మపండు రంగులోకి మారిపోతాయి, గొంతు పక్కన తిత్తులు నీలంగా ఉబ్బుతాయి. జత కట్టే రోజులు దాటగానే మళ్లీ మామూలు రంగు. వీటి కాళ్లను మన దేశం ఒకప్పుడు టన్నులకొద్దీ విదేశాలకు ఎగుమతి చేసింది, 1987లో నిషేధించారు. ఇక బుడగలా ఉబ్బే గుండుకప్పలున్నాయి. వెనక కాళ్ల మడమల దగ్గర గట్టి అంచులుంటాయి, వాటితో మట్టిని తోసుకుంటూ వెనక్కి వెనక్కి భూమిలోకి దిగిపోతాయి. పైనున్న మనకు తెలియదు. కొర్రమీనూ తక్కువది కాదు. చెరువు ఎండుతుంటే బురదలోకి దూరి, నేరుగా గాలి పీలుస్తూ, ఒంట్లో కొవ్వు కరిగించుకుంటూ నీళ్లు వచ్చేదాకా నెట్టుకొస్తుంది. తెలంగాణ దాన్ని రాష్ట్ర చేపగా ఎంచుకోవడం సబబే.

ఇంతకన్నా గట్టివి గుడ్లు. మన కోస్తాలో రొయ్య పిల్లల హేచరీకి వెళితే ఆర్టీమియా డబ్బాలు కనిపిస్తాయి. మూత తీస్తే గోధుమరంగు పొడి. ఆ పొడిలో రేణువొక్కొక్కటీ ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి ప్రాణి గుడ్డు. వీటిలో చాలా అమెరికాలో యూటా రాష్ట్రపు పెద్ద ఉప్పు సరస్సు నుంచి వస్తాయి. ఉప్పునీళ్లలో పోసి, గాలి వదిలి, లైటు పెడితే సుమారు ఒక రోజుకల్లా ఎర్రటి చుక్కల్లాంటి పిల్లలు ఈదుతుంటాయి. అవే రొయ్య పిల్లలకు మేత. ఎండిన గుడ్డులో నీటి చోటును ట్రెహలోజ్ అనే చక్కెర ఆక్రమించి లోపలి నిర్మాణం చెడకుండా కాపాడుతుంది. 1972లో అపోలో 16 వ్యోమనౌకలో ఈ గుడ్లు చంద్రుడి దాకా వెళ్లొచ్చాయి, తిరిగొచ్చాక కొన్ని పిల్లలు కూడా అయ్యాయి. వీటి మంచినీటి దాయాదులు మన దేశపు వాన గుంటల్లో ఉన్నాయి. వెల్లకిలా ఈదుతుంటాయి, గుంట ఎండేలోగా గుడ్లు మట్టిలో వదిలి చనిపోతాయి.

కాచుకుని కూర్చున్నవన్నీ మనకు చుట్టాలు కావు. డెంగీ దోమ నీటి అంచుకు కాస్త పైన, తడి గోడ మీద గుడ్లు అంటిస్తుంది. నీళ్లు ఎండిపోయినా గుడ్లు నెలల తరబడి చావవు. కూలర్ తొట్టిలో, పాత టైర్లో, పూలకుండీ కింది పళ్లెంలో నీళ్లు పారబోసి ఊరుకుంటే సరిపోదు. ఈ వారమే పీచు పెట్టి అంచులు రుద్ది కడగండి.

ఇక పిల్లలకు ఒక పని. ఎండిపోయిన కుంట అడుగు నుంచి గుప్పెడు మట్టి తెచ్చి గాజు సీసాలో వేయండి. తొలకరి నీళ్లు పట్టి పోయండి. కొళాయి నీళ్లు వద్దు, క్లోరిన్ ఉంటుంది. మూతికి పలచటి గుడ్డ కట్టండి, లేకపోతే దోమ వచ్చి గుడ్లు పెట్టిపోతుంది. ఎండ నేరుగా పడని కిటికీలో ఉంచి, రెండో రోజు నుంచి టార్చి వేసి చూడండి. తెల్లగా గెంతే చుక్క ఏదైనా కనిపిస్తే భూతద్దం తీసుకోండి. ఏమీ కనిపించకపోతే సీసాను కదపకుండా ఇంకో వారం ఆగండి.